మా పిల్లలకు తరువాత ఏ సినిమా చూపించాలి?

కావలి నుంచి ఒక అధ్యాపకుడు:
మిత్రులకు నమస్కారం. మా కళాశాలలో నెలకొక ఆదివారం విద్యార్థులకు వివిధ దేశాల ఉత్తమ చిత్రాలను చూపించాలని సంకల్పించి, మొదట జపాను దర్శకుడు కురొసావా ‘రషోమన్’ (1950) వేశాను. ఒకే హత్యను నలుగురు నాలుగు విధాలుగా చెప్పే ఆ కథ నాకు ప్రాణం. కానీ జపాను మాటలు వింటూ, కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకోలేక సగం మంది మధ్యలోనే లేచి వెళ్లారు. ఎంపికలో పొరపాటు నాదే. తరువాత ఏది వేస్తే చివరిదాకా కూర్చుంటారు?

ఒంగోలు నుంచి:
అయ్యా, ఇటలీ దర్శకుడు డిసీకా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ (1948) వేయండి. సైకిలుంటేనే దొరికే పోస్టర్లు అతికించే పని కోసం, తాకట్టులో ఉన్న సైకిలును విడిపించడానికి కథానాయకుడి భార్య దుప్పట్లను తాకట్టు పెడుతుంది. పనిలో చేరిన మొదటి రోజే సైకిలు పోతుంది. ఇది అర్థం కావడానికి ఏ భాషా అక్కరలేదు. ఆ కథానాయకుడి పాత్రధారి వృత్తి నటుడు కాదు, కర్మాగారంలో కార్మికుడు. సత్యజిత్ రే 1950లో లండన్‌లో ఈ చిత్రాన్ని చూసిన తరువాతే ‘పథేర్ పాంచాలి’ (1955) తీశారు కనుక, మరుసటి నెల దానిని వేస్తే వరుస కుదురుతుంది. రెల్లుపూల మధ్య నుంచి పరుగెత్తి రైలును చూసే ఆ అక్కాతమ్ముళ్లను, రైలుకట్ట పక్కన పెరిగిన మీ కావలి పిల్లలు వెంటనే గుర్తుపడతారు.

నెల్లూరు నుంచి:
ఆ రెండింటి తరువాత మన నెల్లూరులో పుట్టిన కవి పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామరెడ్డి గారు, అనంతమూర్తి నవల ఆధారంగా కన్నడంలో తీసిన ‘సంస్కార’ (1970)ను తప్పక చూపండి. ఆచారం తప్పిన బ్రాహ్మణుడు చనిపోతే దహనం ఎవరు చేయాలో తేలక, అగ్రహారమంతా శవాన్ని ఇంట్లో ఉంచుకొని తర్జనభర్జన పడుతుంది. మొదట సెన్సారు నిషేధించిన ఈ చిత్రమే ఆ ఏటి ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. పఠాభి కవితా సంపుటి ‘ఫిడేలు రాగాల డజన్’ చదివినవారు కూడా మన ఊళ్లో దీనిని చూడకపోవడం నన్ను ఎంతో కాలంగా బాధిస్తోంది.

కందుకూరు నుంచి:
జపాను దర్శకుడు ఓజు ‘టోక్యో స్టోరీ’ (1953)కి మాత్రం తొందరపడవద్దు. పట్నంలోని కన్నబిడ్డలకు తీరిక లేకపోగా, యుద్ధంలో పోయిన కొడుకు భార్య ఒక్కతే చూడవచ్చిన ఆ వృద్ధ తల్లిదండ్రులను ఆదరిస్తుంది. దానిని విద్యార్థులకు కాక, పిల్లలను చెన్నైకీ బెంగళూరుకూ పంపిన వారి తల్లిదండ్రులను పిలిచి చూపండి.

అధ్యాపకుడు:
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే నెల సైకిలు కథే వేస్తాను. ముఖ్యమైన సంభాషణలను ముందుగా తెలుగులో రాసి పంచుతాను.