జర్మనీలో వీసా ఆఫీసు: ఓపిక పట్టాలా, కేసు వేయాలా?

రైలుబండి: పాత రెసిడెన్స్ పర్మిట్ గడువు ముగియకముందే రెన్యువల్‌కి అప్లై చేశాను. మూడు నెలలు ఎప్పుడో దాటాయి. మెయిల్ పెడితే ఆటోమేటిక్ జవాబే వస్తుంది, ఫోన్ ఎవరూ ఎత్తరు. మా టీమ్‌లీడర్ "ఇక్కడ ఇంతే, ఓపిక నేర్చుకో" అంటాడు. రూమ్మేటేమో కేసు వెయ్యమంటున్నాడు. పరాయి దేశంలో ఉంటూ వాళ్ల ప్రభుత్వం మీదే కేసా? మీరేమంటారు?

పాతకాపు: ఓపికే పట్టాలి. కౌంటర్ వెనకాల మనిషికి మన మీద కోపమూ ఉండదు, జాలీ ఉండదు. ఉదాహరణకి, ఇల్లు మారితే రెండు వారాల్లో అడ్రస్ నమోదు చేయించుకోవాలి కదా. దానికి అద్దె అగ్రిమెంట్ సరిపోదు. ఓనరు సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే వేరే కాగితం కావాలి, 2015 నవంబరు నుంచి చట్టమే అలా ఉంది. "అగ్రిమెంట్ మీద ఓనరు సంతకం ఉందిగా" అని కౌంటర్ దగ్గర వాదించేవాళ్లను చూస్తూనే ఉంటాను. గొంతు పెంచినా, కాళ్లావేళ్లా పడ్డా ఒకటే జవాబు. "ఏ కాగితం తక్కువైంది?" అని నిదానంగా అడిగినవాళ్లకే పని అవుతుంది.

నిప్పుకోడి: మీకు పర్మనెంట్ రెసిడెన్స్ వచ్చేసినట్టుంది పాతకాపు గారూ, అందుకే ఇంత నిమ్మళం! వీసా కాగితం చేతిలో లేక ఉద్యోగం మారలేనివాడికి చెప్పండి ఈ ఓపిక పాఠం. పైగా కాగితం తక్కువైతే అడగొచ్చు, జవాబే రాకపోతే ఎవర్ని అడగాలి? సరైన కారణం లేకుండా మూడు నెలల్లో నిర్ణయం చెప్పకపోతే కేసు వేయొచ్చని వాళ్ల చట్టమే చెబుతోంది. దాన్ని ఉన్‌టేటిగ్‌కైట్స్‌క్లాగే అంటారు. పరిపాలనా కోర్టులో మొదటి దశకి లాయరు తప్పనిసరి కాదు. ఫీజు ముందు మనమే కట్టాలి, కానీ ఆలస్యానికి ఆఫీసు దగ్గర సరైన కారణం లేదని తేలితే ఖర్చు వాళ్ల మీదే పడుతుంది. ఇది తిరుగుబాటేం కాదు, వాళ్ల పద్ధతే. రూల్స్‌ని అంతగా గౌరవించే చోట రూల్ చూపించి అడిగితే తప్పేముంది?

పాతకాపు: తప్పని నేననలేదే. కానీ కేసు వేస్తే వచ్చేది నిర్ణయం, వీసా కాదు. ఫైల్లో లోపం ఉంటే ఆ నిర్ణయం తిరస్కరణ కూడా కావచ్చు. ఆ మాట ఎవరూ చెప్పరు.

మధ్యేమార్గం: ఇద్దరూ అసలు ప్రశ్న వదిలేశారు. రైలుబండి గారూ, మీ దగ్గర ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ ఉందా? గడువు లోపల అప్లై చేసినవాళ్లకు, నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ కొనసాగుతున్నట్టే లెక్క. ఆ సంగతి రాసిచ్చే కాగితం అది. లోపల మూడు గడులుంటాయి. మూడోదాంట్లో టిక్ ఉంటే పాత షరతుల మీదే పని చేసుకోవచ్చు, దేశం దాటి తిరిగి రావచ్చు కూడా. అది ఉంటే కొన్నాళ్లు ఆగడం కష్టం కాదు. లేకపోతే ముందు దానికోసం పట్టుబట్టండి, కేసు సంగతి తర్వాత.

రైలుబండి: ఆ కాగితం లేదు! అప్లికేషన్ అందినట్టు ఒక మెయిల్ వచ్చింది, అంతే. అదే సరిపోతుందనుకున్నా.

నిప్పుకోడి: ఆ మెయిల్ చూసి బోర్డర్‌లో ఎవరూ రానివ్వరు. ఉత్తరం రాయండి, మెయిల్ కాదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఫైల్ నంబరు, అప్లై చేసిన తేదీ, జవాబుకి గడువు, ఈ మూడూ ఉండాలి. కేసు మాట ఒక్క లైను చాలు.

పాతకాపు: ఈసారి నిప్పుకోడితో ఏకీభవిస్తున్నాను. కాకపోతే ఆ ఒక్క లైనూ మొదటి ఉత్తరంలో వద్దు.

నిప్పుకోడి: అదుగో, మళ్లీ మొదలు!