తమ్ముడికి 27 ఏళ్లు, ఆటిజం: సదరంలో తెలివితేటలు కొలిచి పంపించేశారు, ఇక ఎవరిని అడగాలి?

కొర్లగుంట అక్క (తిరుపతి) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి నాలుగేళ్లు వచ్చినా మాటలు సరిగా రాకపోవడంతో అమ్మానాన్నలు వేలూరు తీసుకువెళ్లారు. అక్కడి వైద్యులు ఆటిజం అని రాసిచ్చిన కాగితం ఇప్పటికీ మా ఇనుప బీరువాలో ఉంది. 2012లో, ప్రభుత్వం వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరానికి వెళ్లినప్పుడు ఆటిజం అనే గడి లేదని చెప్పి, బుద్ధిమాంద్యం కింద 50 శాతం వేసి సర్టిఫికెట్ ఇచ్చారు. దాని గడువు ముగిసే నాటికి అమ్మ మంచాన పడి ఉంది. ఆ తరువాత అమ్మ పోయింది. ఆ పరిస్థితిలో సర్టిఫికెట్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు నాన్నకు 68 ఏళ్లు. నేను పెళ్లయి రెండు వీధుల అవతల ఉంటున్నాను. ఈ ఏడాది మళ్లీ స్లాట్ తీసుకుని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాము. ఆ గుంపులో, ఆ కేకలలో తమ్ముడు రెండు చెవులూ మూసుకుని గోడ వైపు తిరిగి మూడు గంటలు నిలబడ్డాడు. లోపలికి పిలిచాక మాత్రం అడిగిన లెక్కలన్నీ తడుముకోకుండా చెప్పాడు. అతడు 2009 నుంచి ఇంటి కరెంటు మీటరు రీడింగును రోజూ ఉదయం ఆరింటికి నోటుబుక్కులో రాసే మనిషి. అంకెలు అతడికి ఊపిరితో సమానం. పదిహేను నిమిషాలలో పరీక్ష ముగించి, తెలివితేటలు మామూలుగానే ఉన్నాయి, వైకల్యం పింఛనుకు కావలసిన 40 శాతం లోపే అని రాసేశారు.

ఆ తెలివైన మనిషి బస్సులో కండక్టరును చిల్లర అడగలేడు. ఫోను మోగితే గది వదిలి వెళ్లిపోతాడు. స్నానానికి నీళ్లు తోడిపెట్టి, వెళ్లమని చెబితే తప్ప వెళ్లడు. ఒకసారి జిరాక్సు దుకాణంలో మూడు నెలలు చక్కగా పనిచేశాడు. యజమాని యంత్రాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు జరిపిన రోజు ఇంటికి వచ్చి, మరి వెళ్లలేదు. ఇవేవీ ఆ గదిలో ఎవరూ అడగలేదు.

వార్డు సచివాలయంలోని అమ్మాయి మంచిదే, కానీ తన తెరపై తిరస్కరించినట్లు కనిపిస్తోంది కాబట్టి తాను చేయగలిగింది లేదని అంటోంది. చిన్నప్పుడు వెళ్లిన, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం వాళ్లను అడిగితే, అది బడి పిల్లలకేనని చెప్పారు. మళ్లీ పరీక్ష చేయమని ఎవరిని అడగాలి? పెద్దవాళ్లు పగటిపూట గడిపే చోటు మన వైపు ఎక్కడైనా ఉన్నదా? నాన్న తరువాత నేను అతడి వ్యవహారాలు చూడాలంటే ఇప్పుడే గార్డియన్‌షిప్ తీసుకోవాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పలమనేరు అమ్మ:

అమ్మా, మీ తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడన్న మాట దగ్గర చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. మా అబ్బాయికి 22 ఏళ్లు. మూడోసారికి గానీ మాకు సర్టిఫికెట్ రాలేదు.

మొదటి రెండుసార్లు తప్పు కొంత మాదే. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని పెద్దలు అంటారు కదా, ఆ సంకోచంతో వైద్యుడు ఏది అడిగినా, పరవాలేదండీ, చేసుకుంటాడండీ అని చెప్పాను. నేను చెప్పిందే ఆయన రాసుకున్నాడు. వాడు చేసుకునే ప్రతి పని వెనుక నేను నిలబడి ఉంటానని చెప్పడం నాకు తోచలేదు. మూడోసారి వెళ్లే ముందు పది రోజుల పాటు, నిద్ర లేచింది మొదలు పడుకునే వరకు ఏ పనికి ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందో, ఎప్పుడు బెదిరిపోయాడో, ఎంతసేపటికి తేరుకున్నాడో తేదీలు వేసి రాశాను. దానికి చిన్ననాటి మందుల చీటీలు, బడి నుంచి తెచ్చిన స్టడీ సర్టిఫికెట్, క్లినికల్ సైకాలజిస్టు ఇచ్చిన నివేదిక జతచేశాను. ఆ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదో లేదో చూసుకోండి. నంబరు లేని నివేదికను పక్కన పెట్టేస్తారు.

మరొక మాట. ముందురోజే వెళ్లి, జనం లేని వేళకు పిలవమని కాగితం మీద రాసి అడగండి. నోటితో అడిగితే అక్కడే మరచిపోతారు.

శ్రీకాళహస్తి సోదరుడు:

పూర్తి వైకల్యం ఉన్నవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు కదా, నేరుగా దానికే అర్జీ పెట్టుకోండి అక్కా. 40 శాతం గొడవ దేనికి?

విశ్రాంత గుమాస్తా (తిరుపతి):

నేను విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖలో గుమాస్తాగా పనిచేసి విరమించాను. ముందుగా పై సోదరుడి మాట సరిచేయాలి. ఎన్టీఆర్ భరోసా పింఛను పథకంలో ఆ 15,000 రూపాయలు పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఉద్దేశించినవి. 40 శాతం, ఆపైన సర్టిఫికెట్ ఉన్న వికలాంగులకు 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. మీ తమ్ముడికి వర్తించేది ఇదే. సర్టిఫికెట్ వచ్చిన తరువాత కూడా కుటుంబ ఆదాయం, రేషన్ కార్డు వంటి తనిఖీలు ఉంటాయి కాబట్టి, సర్టిఫికెట్ వచ్చిన మరునాడే పింఛను వస్తుందని లెక్క వేసుకోకండి.

ఇక అసలు విషయం. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. వాటిలో ఆటిజం లేదు. అందుకే 2012లో మీ తమ్ముడిని బుద్ధిమాంద్యం గడిలోకి నెట్టారు. ఆనాడు ఆ గడి మీకు మేలు చేసింది, ఈనాడు అదే అడ్డు పడుతోంది, ఎందుకంటే పాత కాగితం చూసినవారు దానికి తగిన ఐక్యూ పరీక్షే, అంటే తెలివితేటల కొలతే, చేస్తారు. 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం వేరు, బుద్ధిమాంద్యం వేరు. ఒకటి లేనంత మాత్రాన రెండోది లేదని అనడానికి వీలు లేదు.

ఆటిజాన్ని కొలవడానికి ఐసా అనే కొలమానం ఉన్నది. పూర్తి పేరు ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారు చేసింది. అందులో 40 అంశాలు ఉంటాయి. నలుగురితో మెలగడం, మాట, ప్రవర్తన, శబ్దాలకూ వెలుతురుకూ స్పందించే తీరు వంటి ఒక్కొక్క అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేనట్లు, 70 నుంచి 106 వరకు తేలికపాటి, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, అది దాటితే తీవ్రం. 70 దగ్గరే 40 శాతం మొదలవుతుంది. అంటే ఈ కొలమానం ప్రకారం ఆటిజం ఉందని తేలిన మనిషికి 40 శాతం లేదని చెప్పడం కుదరదు. మీరు గట్టిగా పట్టుకోవలసిన అంశం ఇది. అయితే ఆ 40 అంశాలూ ఇంటివారిని విచారించి, మనిషిని దగ్గరగా గమనించి నింపవలసినవి. శిబిరం రోజున బయట వందమంది ఉండగా పదిహేను నిమిషాలలో అయ్యే పని కాదు. మీకు జరిగిన దానిలో వైద్యుల దురుద్దేశం కంటే ఆ తొందరే ఎక్కువని నా అభిప్రాయం.

కాబట్టి మూడు వాక్యాలలో అర్జీ రాయండి. ఐసా ప్రకారం పరీక్ష జరగలేదని, ఐక్యూ ఆధారంగా తిరస్కరించారని, 2016 చట్టం 59వ సెక్షన్ కింద ఈ నిర్ణయంపై అప్పీలు చేసుకుంటున్నామని చెప్పండి. మీ కుటుంబ కష్టమంతా అందులో రాయకండి. పొడుగాటి అర్జీని చివరి వరకు చదివే ఓపిక మా శాఖలో నాకు కూడా ఉండేది కాదు. దానిని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, అర్జీ నంబరున్న రశీదు తీసుకోండి. ప్రతిని జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకులకు ఇవ్వండి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి, 2012 నాటి పాత దస్త్రం చిత్తూరులో ఉండి ఉండవచ్చు. పాత సదరం నంబరు అర్జీలో తప్పక రాయండి. జవాబు రాకుంటే సమాచార హక్కు దరఖాస్తు వేసి, ఏ కొలమానంతో పరీక్షించారో, ఎన్ని మార్కులు వేశారో అడగండి. 30 రోజులలో జవాబు చెప్పాలి. ఐసా చేయనే లేదని వారే కాగితం మీద ఒప్పుకుంటే మీ పని సగం అయినట్లే.

కొర్లగుంట అక్క:

గురువుగారూ, నా చేతిలో ఉన్న తిరస్కరణ కాగితంలో ఐసా అనే మాట ఎక్కడా లేదు. ఐక్యూ అంకె ఒక్కటే ఉంది. అమ్మా, మీరు చెప్పినట్లు నేటి నుంచే రాయడం మొదలుపెట్టాను. తొలి రోజే రెండు పేజీలు నిండాయి. ఇన్నేళ్లుగా ఇంత చేస్తున్నామని మాకే తెలియదు. గార్డియన్‌షిప్ గురించి ఎవరైనా చెప్పగలరా?

చిత్తూరు నుంచి ఒకరు:

నాకు ఆటిజం ఉన్నదని 29వ ఏట తెలిసింది. అంతవరకు నన్ను పొగరుబోతు అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. కనుక గార్డియన్‌షిప్ మాట వినగానే నాకు కొంత బెదురు కలుగుతుంది. కోపగించుకోకండి.

2016 చట్టం 13వ సెక్షన్ వికలాంగులకు చట్టం ముందు అందరితో సమానమైన అర్హత ఉన్నదని చెబుతుంది. 14వ సెక్షన్ పరిమిత సంరక్షణ గురించినది. ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ మనిషిని సంప్రదించి చేసే ఏర్పాటు అది. ఇది కాక 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ ఆటిజం ఉన్న పెద్దవారికి గార్డియన్‌ను నియమించగలదు. దారులు ఉన్నాయి. కానీ ఏ పనికి కావాలో తెలియకుండా ముందే తీసుకోవడం నాకు సరి అనిపించదు. అంకెలు అంత బాగా చూసుకునే మీ తమ్ముడు బ్యాంకు ఖాతాను మీతో కలిసి నడపలేడా? ఒకసారి అతడినే అడిగి చూడండి. నోటితో కాదు, కాగితం మీద రాసి ఇచ్చి, ఒక రోజు గడువు ఇచ్చి అడగండి. నాకు ఎదురుగా నిలబడి అడిగితే ఏ ప్రశ్నకైనా సరే అనే అంటాను, ఆ మనిషి అక్కడి నుంచి వెళ్లిపోవాలని.

జిరాక్సు దుకాణం విషయం కూడా చెప్పాలి. అతడు పని చేతకాక మానలేదు. యంత్రం జరుపుతున్నామని ముందురోజు చెప్పి, కొత్త చోటు చూపించి ఉంటే ఈనాటికీ అక్కడే ఉండేవాడేమో. ప్రభుత్వ ఉద్యోగాలలో వికలాంగులకు ఉన్న 4 శాతం రిజర్వేషన్‌లో, 1 శాతం ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక అనారోగ్యం వంటి వాటన్నింటికీ కలిపి ఉన్నది. దానికీ ఈ సర్టిఫికెట్టే కావాలి.

పలమనేరు అమ్మ:

ఈ అబ్బాయి చెప్పింది సగం ఒప్పుకుంటాను. మా వాడు సంతకం కూడా పెట్టలేడు. మాకు గార్డియన్‌షిప్ తప్పలేదు. ఇంటింటికీ వేరు.

పగటిపూట చోటు గురించి అడిగారు. నేషనల్ ట్రస్ట్‌లో పగటి సంరక్షణకు, పెద్దవారు జీవితాంతం ఉండే ఇళ్లకు పథకాలు ఉన్నాయి. కానీ నమోదైన సంస్థ ఏదో ఒకటి ముందుకు వచ్చి నడపాలి. మా ఊరిలో ఎవరూ రాలేదు. నాలుగు ఇళ్ల వాళ్లం కలిసి వారానికి మూడు రోజులు ఒకరి ఇంట్లో చింతపండు గింజలు తీసి పొట్లాలు కట్టిస్తున్నాము. దీనిని కేంద్రం అనడానికి లేదు, ప్రభుత్వం నుంచి పైసా రాదు, కానీ ఆ మూడు రోజులు మా వాడు తలుపు దగ్గర చెప్పులు వేసుకుని ఎదురుచూస్తాడు. నిరామయ ఆరోగ్య బీమాకు మాత్రం సర్టిఫికెట్ చేతికి రాగానే దరఖాస్తు చేయండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చుకు కూడా వర్తిస్తుంది, వయసు అడ్డు లేదు.

విశ్రాంత గుమాస్తా (తిరుపతి):

ఒకటి మరచాను. మీరు ఆదాయపు పన్ను కడుతూ, తమ్ముడు మీపై ఆధారపడి ఉంటే, పాత పన్ను విధానంలో 75,000 రూపాయల మినహాయింపు ఉంటుంది. తోబుట్టువులకు కూడా ఇది వర్తిస్తుందని చాలామంది ఆడిటర్లే చెప్పరు. ఆటిజానికి ప్రత్యేక ఫారంలో వైద్యుడి సంతకం కావాలి.

కొర్లగుంట అక్క:

సోమవారం అర్జీ ఇచ్చి వచ్చాను. ఐసా అని రాసి ఉండటం చూసి అక్కడి అధికారి ఆ మాట రెండుసార్లు చదివి, ఎవరు చెప్పారమ్మా అని అడిగారు. వచ్చే గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు, శిబిరం లేని రోజున, మళ్లీ చూస్తామని ఈరోజు ఫోను వచ్చింది. ఫలితం ఏమవుతుందో ఇక్కడే రాస్తాను.

గార్డియన్ సంగతి తమ్ముడికి కాగితం మీద రాసి ఇచ్చాను. మరునాడు ఉదయం మీటరు రీడింగు కింద జవాబు రాసి ఉంది: "బ్యాంకు నేను. ఫోను అక్క." గురువారం నోటుబుక్కు వెంట తీసుకురావచ్చా అని కూడా దాని కిందే అడిగాడు. తెమ్మన్నాను.