కరివేపాకు మొక్క మీది పురుగులను ఉంచవచ్చా?

ప్రశ్న: హైదరాబాదులోని మా అపార్ట్‌మెంటు బాల్కనీలో, కుండీలో పెంచుతున్న కరివేపాకు మొక్క మీద పక్షి రెట్టల్లాంటి పురుగులు కనిపించాయి. మందు చల్లమని అత్తగారు అంటున్నారు గాని, మా నాలుగేళ్ల పాప ఉదయం లేవగానే వాటి దగ్గరికే పరుగెత్తుతోంది. పాపకు వాటిని ఎలా పరిచయం చేయాలి?

మొదటి సమాధానం: దయచేసి మందు చల్లకండి. అవి సీతాకోకచిలుక గొంగళి పురుగులే అయి ఉండాలి. కరివేపాకు, నిమ్మ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు కాబట్టి కొన్ని జాతుల సీతాకోకచిలుకలు వాటి లేత ఆకుల మీద గుడ్లు పెడతాయి. రెట్టలాంటి రూపం పిల్ల పురుగులను పక్షుల కంట పడకుండా కాపాడుతుంది, పెరిగాక అవి ఆకుపచ్చగా మారతాయి. కదిపితే తల వెనుక నుంచి చీలిన కొమ్ములాంటి అవయవాన్ని బయటికి చాచి ఘాటైన వాసన వెదజల్లుతాయి. పాపను తాకనివ్వకుండా, రోజూ ఒకే వేళకు చూపించి బొమ్మ గీయించండి.

రెండవ సమాధానం: అత్తగారి ఆందోళనలోనూ న్యాయం ఉందండి, ఎందుకంటే చిన్న మొక్కను నాలుగైదు పురుగులు మోడు చేయగలవు. పురుగుల కోసం మరో మొక్కను విడిగా పెంచితే వంటకూ లోటుండదు. వంటలో వేసుకునే ఆకు మీద మందు ఎలాగూ వద్దు.

మూడవ సమాధానం: ఎదిగిన పురుగు కొన్నిసార్లు మొక్కను వదిలి గోడకో ఊచకో అతుక్కుని ప్యూపాగా, అంటే సీతాకోకచిలుక అయ్యే ముందు కదలకుండా ఉండే దశలోకి మారుతుంది. బాల్కనీ కడిగే ముందు ఆ చోట్లు వెతకడం పాపకే అప్పగించండి.