‘కామా’ అంటే కామారెడ్డి విరిగిపోతోంది: వాయిస్ టైపింగ్‌కు ఏ మాటలు పెట్టాలి?

మలక్‌పేట నుంచి:
బ్రౌజర్‌లో వాయిస్ టైపింగ్ ఎక్స్‌టెన్షన్‌కి సొంత కమాండ్లు రాశాం. ‘కామా’ అంటే కామా, ‘చుక్క’ అంటే వాక్యం చివరి చుక్క పడాలి. పడుతున్నాయి. కానీ ‘కామారెడ్డి బస్సు’ అంటే ‘,రెడ్డి బస్సు’ అని, ‘చుక్కకూర’ అంటే ‘.కూర’ అని వస్తోంది. ఏ మాటలైతే బాగుంటాయి?

కూకట్‌పల్లి నుంచి:
ముందు వెతికే తీరు సరిచేయండి. ఆ అక్షరాలు ఎక్కడ కనబడ్డా మార్చేస్తోందది. రెగెక్స్ (అక్షరాల నమూనా రాసి వెతికే పద్ధతి) ఆప్షన్ ఉంటే అందరూ మాటకు అటూ ఇటూ బ్యాక్‌స్లాష్ బీ, అంటే మాట హద్దును చూపే గుర్తు పెడతారు. తెలుగుకు అది పనికిరాదు. ఎక్స్‌టెన్షన్లు రాసే భాష జావాస్క్రిప్ట్ లెక్కలో ‘మాట’లో ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. దాని బదులు, మాటకు ముందు ఖాళీ గానీ పాఠం మొదలు గానీ, వెనక ఖాళీ గానీ పాఠం చివర గానీ ఉండాలని రాయండి.

మలక్‌పేట నుంచి:
మా దాంట్లో రెగెక్స్ లేదండీ. ‘కామా పెట్టు’, ‘చుక్క పెట్టు’ అని రెండు మాటలు చేస్తే?

నాంపల్లి నుంచి:
‘కామా పెట్టు’ చక్కగా నడుస్తుంది. ‘కామా’ ఒక్కటే ఉన్న పాత వరుస మాత్రం తీసేయండి, లేకపోతే అదే ముందు పట్టుకుంటుంది. మన దగ్గర చాలామంది నోట అది ‘కామ వెట్టు’ అవుతుంది. అచ్చు తర్వాత ప కాస్తా వ అవడం, గసడదవాదేశంలో చూసేదే. కాబట్టి ‘కామా పెట్టు’, ‘కామ పెట్టు’, ‘కామ వెట్టు’ మూడూ చేర్చండి.

‘చుక్క పెట్టు’ వద్దు. ‘పాపకు దిష్టి చుక్క పెట్టు’ అన్నామంటే వాక్యం అక్కడే తెగుతుంది. ‘ఫుల్‌స్టాప్ పెట్టు’ కూడా అంతే, ‘ఈ గొడవకు ఫుల్‌స్టాప్ పెట్టు’ అని రోజూ అంటాం కదా. నా ఓటు ‘పూర్ణవిరామం’కే. మామూలు మాటల్లో పెద్దగా దొర్లదు.

కూకట్‌పల్లి నుంచి:
‘ఫుల్‌స్టాప్’కి ఇంకో చిక్కు కూడా ఉంది. ‘ల్’ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, పక్క అక్షరం ఒత్తుగా కలవకుండా ఆపే గుర్తు, యూనికోడ్‌లో 200సీ. అది లేకపోతే ‘ఫుల్స్టాప్’, ఖాళీ పడితే ‘ఫుల్ స్టాప్’. మనకు ఒకే మాట, ఎక్స్‌టెన్షన్‌కు మూడు.

‘పూర్ణవిరామం’ కూడా ‘పూర్ణ విరామం’గా విడిపోవచ్చు. అందుకే కమాండ్ పెట్టెలో చేత్తో టైపు చేయకండి. కమాండ్ ఆపి, మైక్‌లో నాలుగైదు సార్లు పలికి, వచ్చిన ప్రతి రూపాన్నీ కాపీ చేసి ఒక్కో వరుసగా అతికించండి. సేవ్ చేశాక తెరిచి ఉన్న ట్యాబ్‌లను రీలోడ్ చేయండి. పాత ట్యాబ్‌లో పాత జాబితాయే మిగిలి ఉండొచ్చు.