జూదంపై మనసులో మాట ప్రశ్నపత్రానికి దొరుకుతుందా?

సర్వేపిల్ల: బ్రిటన్‌లో 2007లో జూదంపై పెద్ద సర్వే జరిగింది. "జూదం కుటుంబ జీవితానికి ప్రమాదం", "ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆడే హక్కు ఉండాలి" లాంటి 14 వాక్యాలిచ్చి, ఎంతవరకు ఒప్పుకుంటారో ఐదు మెట్లలో గుర్తు పెట్టమన్నారు. మొత్తం మీద జనం జూదాన్ని తప్పుపట్టేవైపే మొగ్గారు. కానీ అంతకుముందు ఏడాదిలో ఏదో ఒకటి ఆడామన్నవాళ్లు 68 శాతం! ఇక ఆ స్కేల్ కొలిచిందేమిటి?

లెక్కల మాస్టారు: తొందరపడకమ్మా. ఆ 68లో నేషనల్ లాటరీ ఒక్కటే ఆడినవాళ్లను తీసేస్తే 48 మిగులుతుంది. లాటరీ టికెట్ కొన్నవాడు తనను తాను జూదరి అనుకోడు. అదే స్కేల్‌ను తెలుగులోకి తెచ్చి చూడు. "జూదం" అన్న మాట వినగానే ధర్మరాజు కళ్లముందుకొస్తాడు, సగం జవాబు అక్కడే అయిపోతుంది. "పందెం" అని అడిగితే ఇంకో జవాబు. తప్పు స్కేల్‌ది కాదు, మాటది.

నిద్రపట్టనివాడు: జూదం మానేసి కొన్నాళ్లయింది కాబట్టి చెప్తున్నా. ఇలాంటి ఫారం ఒకటి నేనూ నింపాను. "వరసగా ఓడిపోతే తర్వాత గెలుపు వస్తుంది" అన్నదానికి "అస్సలు ఒప్పుకోను" అని టిక్ పెట్టాను. అబద్ధం కాదు, నాకు లెక్క తెలుసు. ఆ రాత్రే ఫోన్‌లో రౌలెట్ ఆడాను, తిరిగే చక్రంలో బంతి ఎరుపు గడిలో పడుతుందా, నలుపు గడిలోనా అని పందెం కాసే ఆట. ఎరుపు ఆరుసార్లు వరసగా పడింది. ఏడోసారి నలుపు మీద ఉన్నదంతా పెట్టేశాను. 1913లో మాంటే కార్లో కాసినోలో నలుపు 26 సార్లు వరసగా పడి, ఎరుపు మీద పెట్టినవాళ్లంతా మునిగారన్న కథ కూడా తెలిసే పెట్టాను.

సర్వేపిల్ల: అదే నా అనుమానం. ప్రశాంతంగా కూర్చున్నప్పటి నమ్మకం వేరు, ఆట మధ్యలోది వేరు. అందుకే కొందరు పరిశోధకులు ఆడుతుండగానే మనసులో అనుకునేది పైకి చెప్పించి రికార్డు చేశారు. ఆ మాటల్లో తప్పుడు ఆలోచనలు బోలెడు దొరికాయి.

లెక్కల మాస్టారు: దొరక్కేం! పాచిక వేస్తూ "రా తల్లీ, ఆరు పడు" అన్నవాడు, పాచికకు చెవులున్నాయని నమ్ముతున్నట్టా? హ్యాంగైన కంప్యూటర్‌ను నేనూ తిడతాను. నోటి నుంచి వచ్చిందల్లా నమ్మకంగా రాసుకుంటే, నాకూ ఏదో జబ్బుందని తేలుతుంది.

నిద్రపట్టనివాడు: తిట్టడానికేం, ఎవరైనా తిడతారు మాస్టారూ. తిట్టాక పందెం పెంచాడా లేదా, అది చూడమనండి.