చంక వాసనకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గుంటూరు_చిన్నోడు:
బ్యాంకులో కౌంటర్ మీద పని నాది. రెండు పూటలా స్నానం చేస్తాను, పటిక రుద్దుతాను, కొన్న రోల్-ఆన్‌లకి లెక్కే లేదు. అయినా భోజనాల వేళకి వాసన నాకే తెలుస్తుంది. చొక్కా ఉతికినా పోదు, ఇస్త్రీ పెట్టె తగలగానే చంకల దగ్గర మళ్లీ గుప్పుమంటుంది. మా నాన్నకీ ఇంతే. ఒక క్లినిక్‌లో ఛాతీ లోపల నరం కత్తిరిస్తామన్నారు, ఇంకోచోట చంకలో గ్రంథులు తీసేస్తామన్నారు. ఏది చేయించుకోవాలి? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

లలిత_తెనాలి:
తమ్ముడూ, ఆ నరం ఆపరేషన్ జోలికి పోకు. సింపథెక్టమీ అంటారు దాన్ని. ముఖ్యంగా అరచేతుల్లో చెమట కారిపోయేవాళ్లకి చేస్తారు. నీది చెమట గోల కాదు, వాసన గోల. పైగా అది చేయించుకున్న చాలామందికి చేతుల్లో ఆగిన చెమట వీపు మీద, పొట్ట మీద మొదలవుతుంది.

వాసనకి మూలం అపోక్రైన్ గ్రంథులని ఒక రకం చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్ల దగ్గర ఉంటాయి. వాటి స్రావానికి అసలు వాసనే ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా చేరాకే కంపు. నాకు చేసింది ఆ గ్రంథులు తీసే ఆపరేషనే. చంక ముడతలో గాటు పెట్టి, జాకెట్ లైనింగ్ తిరగేసినట్టు చర్మాన్ని తిరగేసి, లోపలివైపు ఉన్న ఆ గ్రంథుల్ని కత్తెరతో కత్తిరించేస్తారు. చర్మం మళ్లీ అతుక్కోవాలి కదా, అందుకని పైన దూది ఉండ పెట్టి కుట్ల దారాలతో బిగించి కడతారు. అసలు కష్టం అప్పుడే. చేతులు ఎత్తకూడదు. జడ మా అత్తగారే వేసేది, ముందు గుండీలున్న నైటీలే గతి. ఎడమవైపు లోపల రక్తం చేరింది, ఒక మూల చర్మం నల్లబడి చాలా ఆలస్యంగా మానింది. మచ్చ ఉంది. వెంట్రుకలు పల్చబడ్డాయి (అది లాభమే అనుకో). వాసన బాగా తగ్గింది, ఎండల్లో మాత్రం కాస్త ఉంటుంది. అయినా మళ్లీ అడిగితే చేయించుకుంటాననే అంటాను.

మందుల_రాజు:
కత్తి దాకా వెళ్లేముందు చర్మం డాక్టర్ని కలవండి. బ్యాక్టీరియాని తగ్గించే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్, క్లిండామైసిన్ లోషన్ రాస్తారు. చెమట తగ్గించే అల్యూమినియం క్లోరైడ్ అయితే రాత్రి పొడి చర్మం మీదే రాయాలి, తడి మీద మంట. చెమట ఆపే బొటాక్స్ ఇంజెక్షన్ కొన్ని నెలలే పనిచేస్తుంది. సన్న గొట్టంతో గ్రంథుల్ని పీల్చేసే లైపోసక్షన్ పద్ధతిలో మచ్చ చిన్నది కానీ గ్రంథులు కొన్ని మిగిలి వాసన తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. మైక్రోవేవ్‌తో గ్రంథుల్ని కాల్చే మిరాడ్రై ఉంది, కోత ఉండదు, ఖర్చు మాత్రం గట్టిగానే. ఇంకోటి, మీ చెవి గులిమి జిగటగా ఉంటుందా? ఏబీసీసీ11 అనే ఒకే జన్యువు అటు గులిమినీ ఇటు చంక వాసననీ నిర్ణయిస్తుంది. జపాన్, కొరియాల్లో ఎక్కువమందికి పొడి గులిమి, వాసన తక్కువ. అందుకే అక్కడ వాసన ఉన్న కొద్దిమంది ఈ ఆపరేషన్‌కి పరిగెడతారు.

గుంటూరు_చిన్నోడు:
జిగటే అన్నా, నాన్నకి కూడా. అక్కా, బండి ఎప్పుడు నడపొచ్చు?

లలిత_తెనాలి:
డాక్టర్ సరేననేదాకా తాళం ఇంట్లో ఇచ్చెయ్. ఒక్కో వైపు విడివిడిగా చేస్తారేమో ముందే అడుగు, రెండూ ఒకేసారి కడితే తల దువ్వుకోవడానికీ మనిషి కావాలి. లోషన్లు వాడి చూశాకే సంగతి.