18 ఏళ్ల తర్వాత అజైల్ మళ్లీ మొదటి నుంచి చదివాను. మీ అనుభవాలు కూడా చెప్పండి

గచ్చిబౌలి_సీనియర్:
నమస్కారం అందరికీ. ఐటీకి వచ్చి 18 ఏళ్లయింది. డెవలపర్‌గా మొదలుపెట్టి ఇప్పుడు 9 మంది టీమ్ చూసుకుంటున్నాను. క్లయింట్ అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. కారు క్లెయిమ్ నమోదు చేసే అప్లికేషన్ మాది.

మేం పనిచేసేది అజైల్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న ముక్కలుగా చేసి చూపిస్తూ దిద్దుకునే పద్ధతిలో. రెండు వారాల పని విడతలు, అంటే స్ప్రింట్లు, పది చేశాం. మొత్తం ఐదు నెలలు. రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్, స్టాండప్, ఒక్క రోజు మానలేదు. వెలాసిటీ (ఒక్కో స్ప్రింట్‌లో పూర్తయ్యే పని లెక్క) నిలకడగా ఉంది, రిపోర్టులన్నీ పచ్చగా ఉన్నాయి. ఆ తర్వాత యూఏటీ, అంటే వాడేవాళ్లే పరీక్షించి చూసే దశ, మొదలైంది. మొదటి గంటలోనే క్లెయిమ్స్ డెస్క్‌లో పనిచేసే ఒకావిడ అడిగారు, "పాలసీ నంబర్ కొట్టకుండా ముందుకు ఎలా వెళ్లాలి?" అని. యాక్సిడెంట్ అయి రోడ్డు పక్కన నిలబడి ఫోన్ చేసే మనిషికి పాలసీ నంబర్ గుర్తుండదు. వాళ్లు రోజూ వెతికేది ఫోన్ నంబర్‌తోనో, కారు నంబర్‌తోనో. మా స్క్రీన్లన్నీ పాలసీ నంబర్ మీదే నిలబడ్డాయి. సరిచేయడానికి ఏడు వారాలు పట్టింది.

ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ప్రాసెస్‌లో ఏ అడుగూ వదిలిపెట్టలేదు. అయినా ఇలా ఎందుకైంది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ట్రైనింగ్ స్లైడ్లు పక్కన పెట్టి మూలం చదివాను. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి రాసిన అజైల్ మేనిఫెస్టో, దాని వెనక ఉన్న 12 సూత్రాలు. అన్నీ కలిపి పది నిమిషాల్లో చదివేయొచ్చు. అందులో స్ప్రింట్ అన్న మాట లేదు, స్టోరీ పాయింట్లు (పని సైజుకు వేసే అంకెలు) లేవు, స్టాండప్ లేదు. పనిచేసే సాఫ్ట్‌వేరే ప్రగతికి అసలు కొలత అని ఉంది. బిజినెస్ వాళ్లు, డెవలపర్లు రోజూ కలిసి పనిచేయాలని ఉంది.

ఈ రెండూ మా దగ్గర లేవు. స్ప్రింట్ చివర చేసిన పని చూపించే రివ్యూలు పది చేశాం కానీ చూసిన వాళ్లెవరు? క్లయింట్ వైపు మేనేజర్లు. ఆ స్క్రీన్ మీద రోజూ ఎనిమిది గంటలు పనిచేయబోయే మనిషి ఒక్కరు కూడా లేరు.

ఇప్పుడు నాకు అర్థమైంది ఒకటే. మనం అనుకున్నది తప్పని తెలుసుకోవడానికి ఎన్ని రోజులు పడుతోంది? ఆ రోజులు తగ్గించడమే అసలు పని. మాకు ఐదు నెలలు పట్టింది. మూలానికి వెళ్లి చూశాక మీలో ఎవరైనా ఏదైనా మార్చారా? ఏం మార్చారో వివరంగా చెప్పండి.

టెస్టింగ్_అక్క:
మీ పోస్ట్ చదువుతుంటే మా పాత టీమే గుర్తొచ్చింది. నేను 12 ఏళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను. మా దగ్గర మొదటి ఏడు రోజులు కోడింగ్, ఎనిమిదో రోజు సాయంత్రం బిల్డ్ (నడిపి చూడగల వెర్షన్). మిగిలిన రెండు రోజుల్లో పదకొండు స్టోరీలు (వాడేవాళ్లకు కావలసిన ఒక్కో చిన్న పని) టెస్ట్ చేయాలి. బగ్ దొరికితే స్పిల్‌ఓవర్, తర్వాతి స్ప్రింట్‌కు పోతుంది. ప్రతి స్ప్రింట్‌లో చివరి రెండు రాత్రులూ నాకు నిద్ర ఉండేది కాదు. పేరుకు స్ప్రింటే కానీ, చేస్తున్నది రెండు వారాల వాటర్‌ఫాల్, ముందు కోడంతా, ఆఖర్న టెస్టింగంతా.

మేం రెండు మార్పులు చేశాం. ఒకటి, టీమ్ మొత్తం మీద ఒకేసారి మూడు స్టోరీలకు మించి తెరవకూడదు. చేతిలో పని అయిపోయిన డెవలపర్ కొత్త స్టోరీ తీసుకోడు, తెరిచి ఉన్న మూడింట్లో ఒకదానికి సాయం చేస్తాడు. మొదట్లో మేనేజర్లకు ఇది నచ్చలేదు, మనుషులు ఖాళీగా ఉంటారని భయపడ్డారు. నాలుగు వారాల్లో ఆ భయం పోయింది. రెండోది, కోడ్ మొదలుపెట్టక ముందే నేను, డెవలపర్, బీఏ (బిజినెస్ అనలిస్ట్) కలిసి 20 నిమిషాలు కూర్చుని ఒక్కో స్టోరీకి మూడు ఉదాహరణలు కాగితం మీద రాస్తాం. అప్పటి నుంచి మూడో రోజుకే నా చేతికి మొదటి స్టోరీ వస్తోంది.

కొత్తగా_చేరాను:
సార్, నేను చేరి ఎనిమిది నెలలైంది. నిన్న ఏం చేశాను, ఈరోజు ఏం చేస్తాను, అడ్డంకులేమిటి అని రోజూ స్టాండప్‌లో చెప్పమంటారు. లీడ్ గారు రాసుకుంటారు. పని ముందుకు సాగని రోజు చాలా టెన్షన్‌గా ఉంటుంది. అది తప్పు పద్ధతా?

గచ్చిబౌలి_సీనియర్:
@కొత్తగా_చేరాను, తమ్ముడూ, ఆ మూడు ప్రశ్నలు ఒకప్పుడు స్క్రమ్ (స్ప్రింట్లతో నడిచే అజైల్ పద్ధతి) గైడ్‌లో ఉండేవి. 2020లో గైడ్‌ని సవరించినప్పుడు తీసేశారు. ఇప్పుడు అందులో ఉన్నది ఇదే: 15 నిమిషాలు, డెవలపర్ల కోసం, స్ప్రింట్ గోల్ వైపు ఎంత వచ్చామో చూసుకుని ఆ రోజు ప్లాన్ మార్చుకోవడం. లీడ్‌కు హాజరు చెప్పుకోవడం కాదు. మేం ఈ మధ్య మనిషి మనిషినీ అడగడం మానేశాం. స్టోరీలన్నీ వరుసగా పెట్టిన బోర్డు మీద, పూర్తవడానికి దగ్గరైన కుడి వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో స్టోరీ గురించి మాట్లాడుకుంటాం. "ఇది పూర్తవ్వాలంటే ఈరోజు ఎవరేం చేయాలి?" అంతే. ఆగిపోయింది పనే అయినప్పుడు దాన్ని ఒక్క మనిషి మోయాల్సిన పనిలేదు. నువ్వు ఆగిపోయానని మొదటి రోజే చెప్పు. చెప్పినందుకు ఎవరైనా విసుక్కుంటే ఆ తప్పు నీది కాదు.

డల్లాస్_పీవో:
నేను అవతలి ఒడ్డున ఉన్నాను. సొంతూరు గుంటూరు, డల్లాస్ వచ్చి తొమ్మిదేళ్లు. హైదరాబాద్‌లోని ఆఫ్‌షోర్ టీమ్‌కు ప్రాడక్ట్ ఓనర్‌ని (పీవో), అంటే ఏం కట్టాలో, ఏది ముందో తేల్చాల్సిన మనిషిని. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారే కానీ, నిర్ణయం నా చేతిలో ఉండేది కాదు. టీమ్ అడిగిన ప్రతి ప్రశ్నా బిజినెస్ వాళ్లకు మెయిల్ చేసేదాన్ని. వాళ్లు రెండు రోజులకు జవాబిస్తే దాన్ని నా మాటల్లో మళ్లీ హైదరాబాద్‌కు రాసేదాన్ని. చలికాలంలో మాకూ మీకూ పదకొండున్నర గంటల తేడా. చిన్న సందేహం తీరేసరికి వారంలో సగం పోయేది. పైగా మధ్యలో నా అవగాహన కూడా కలిసిపోయేది.

ఇప్పుడు ప్రతి గురువారం ఇక్కడ ఉదయం 9కి, అంటే చలికాలంలో అక్కడ రాత్రి 8.30కి, అరగంట కాల్ పెడుతున్నాను. నిజంగా ఆ పని చేసే ఒకరు స్క్రీన్ షేర్ చేసి తమ పని తాము చేసుకుంటారు. టీమ్ వాళ్లు చూస్తారు, చివరి పది నిమిషాల్లో ప్రశ్నలు అడుగుతారు. ఈ మనుషుల్ని అడగడానికి వాళ్ల మేనేజర్ దగ్గరకు మూడుసార్లు వెళ్లాల్సి వచ్చింది. రాత్రి కాల్ అందరికీ వద్దు, వారానికి ఇద్దరిద్దరు వంతులేసుకుంటే చాలు. రికార్డింగ్ మిగతావాళ్లు పగలు చూస్తారు.

90ల చివర్లో క్రైస్లర్ కార్ల కంపెనీలో జీతాల లెక్కల ప్రాజెక్టు జరిగింది. కెంట్ బెక్ అనే ప్రోగ్రామర్, ఆయన టీమ్ కలిసి ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే అజైల్ పద్ధతిని తీర్చిదిద్దింది అక్కడే. ఆ పద్ధతిలో కస్టమర్ టీమ్‌తోపాటే కూర్చోవాలి. సముద్రాల అవతల మనకు అది కుదరదు. కానీ వారానికి అరగంట కూడా కుదరదు అంటే నేను ఒప్పుకోను.

ఫిక్స్‌డ్_బిడ్_పీఎం:
అందరూ చెప్పేవి బాగున్నాయి. మా కష్టం కూడా వినండి. మాది ఫిక్స్‌డ్ బిడ్: కాంట్రాక్ట్‌లో 214 రిక్వైర్‌మెంట్లు, ఒకే ధర, ఒకే తేదీ. మార్పు కావాలంటే చేంజ్ రిక్వెస్ట్, దాని మీద సంతకాలు. చివరి దశలోనైనా మార్పును స్వాగతించమని సూత్రాల్లో ఉంది కదా, మరి ఆ డబ్బు ఎవరిస్తారు? ఇది అజైల్ తెలియక అడుగుతున్నది కాదు.

ఉన్నంతలో నేను చేసింది చెబుతాను. కొత్తది ఒకటి అడిగితే, ఇంకా మొదలుపెట్టని వాటిలో అంతే సైజుది ఒకటి తీసేయడానికి ఒప్పించాను. దానికి సంతకాలు అక్కర్లేదని మొదట్లోనే రాయించుకున్నాం. చివరికి ఆ 214లో దాదాపు ముప్పై మారిపోయాయి. తీసేసిన వాటి గురించి ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అవి కట్టి ఉంటే నెలల పని వృథా అయ్యేది. చేయకుండా వదిలేసే పనిని పెంచుకోవడమే సింప్లిసిటీ అని ఆ సూత్రాల్లో రాసిన మాట నాకు అప్పుడు అర్థమైంది. మిగతాదంతా ఫిక్స్‌డ్ బిడ్‌లో ఇప్పటికీ గుంజులాటే.

విశాఖ_డెవ్:
ఒక విషయంలో మీ అందరితోనూ కొంచెం విభేదిస్తాను. కస్టమర్, కాల్స్, బోర్డు అంటున్నారు సరే. కోడ్ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మన దగ్గర చాలా టీమ్‌లు స్క్రమ్‌లోని మీటింగులు తెచ్చుకుని, ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లోని ఇంజనీరింగ్‌ను వదిలేశాయి. ఆటోమేటెడ్ టెస్టులు, అందరి కోడ్‌నూ రోజూ ఇంటిగ్రేట్ చేయడం (కలపడం), రిఫాక్టరింగ్ (చేసే పని మారకుండా కోడ్‌ను శుభ్రం చేయడం). ఇవి లేకపోతే మార్పును స్వాగతించడం నోటిమాటే.

@గచ్చిబౌలి_సీనియర్, సరిచేయడానికి ఏడు వారాలు పట్టిందన్నారు. అందులో అసలు కోడ్ మార్చడానికి ఎన్ని, మిగతావి పాడవలేదని నిర్ధారించుకోవడానికి ఎన్ని?

గచ్చిబౌలి_సీనియర్:
@విశాఖ_డెవ్, మీరు అడిగాక కూర్చుని లెక్క చూశాను. కోడ్‌కు సుమారు రెండున్నర వారాలు. మిగతాదంతా చేత్తో చేసిన రిగ్రెషన్ (పాతవి పాడవలేదని మళ్లీ పరీక్షించడం), అందులో దొరికిన బగ్‌లు, మళ్లీ రిగ్రెషన్. పాలసీ నంబర్ కోడ్‌లో 60 చోట్లకు పాకిపోయింది, దాని చుట్టూ ఒక్క యూనిట్ టెస్ట్ (చిన్న కోడ్ ముక్కను దానంతటదే పరీక్షించేది) లేదు. "తర్వాత రాద్దాం" అని మొదటి స్ప్రింట్‌లో అన్నది నేనే. తప్పు త్వరగా తెలిసినా, దిద్దుకోవడం ఇంత ఖరీదైతే లాభం లేదు. నా మొదటి పోస్ట్‌లో సగమే చెప్పానని ఒప్పుకుంటున్నాను.

ఫర్మ్‌వేర్_మనిషి:
మాది హార్డ్‌వేర్ పక్కన పని, ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్. సర్క్యూట్ బోర్డు కొత్త వెర్షన్ రావడానికి ఏడెనిమిది వారాలు. రెండు వారాలకోసారి పనిచేసే ఉత్పత్తి చూపించమంటే ఎలా? పాత బోర్డు మీదో, సిమ్యులేటర్ (బోర్డును అనుకరించే ప్రోగ్రామ్) మీదో ప్రతి రాత్రీ బిల్డ్ నడుపుతాం, అది చాలా సాయపడింది. కానీ అసలు బోర్డు మీద టైమింగ్ సమస్యలు సిమ్యులేటర్‌లో కనిపించవు. ఈ లోటు మాకు ఇంకా తీరలేదు. దారి తెలిసిన వాళ్లుంటే చెప్పండి.

పాయింట్ల_బాధితురాలు:
స్టోరీ పాయింట్ల గురించి కూడా రాయాలి. మా మేనేజ్‌మెంట్ రెండు టీమ్‌ల వెలాసిటీ పక్కపక్కన పెట్టి పోల్చింది. అంతే, మూడు నెలల్లో అదే సైజు పనికి 3 పాయింట్లు అన్నది 5 అయింది, 5 అన్నది 8 అయింది. మనుషులు అబద్ధం ఆడాలని ఆడలేదు, భయంతో అలా జరిగింది. పాయింట్లు తన ఆలోచనే కావచ్చని, అయితే అందుకు ఇప్పుడు విచారిస్తున్నానని రాన్ జెఫ్రీస్ స్వయంగా రాశారు. ఆయన మేనిఫెస్టో మీద సంతకం చేసిన 17 మందిలో ఒకరు. మేం పాయింట్లు ఆపేసి, ఏ స్టోరీ అయినా మూడు రోజుల్లో పూర్తయ్యేంత చిన్నదిగా ఉండాలన్న ఒక్క నియమం పెట్టుకున్నాం. ఎన్ని పూర్తయ్యాయో లెక్కపెడితే చాలు.

కొత్తగా_చేరాను:
మూడు రోజుల్లో పూర్తయ్యేలా ఎలా విడగొడతారు అక్కా? మా దగ్గర డేటాబేస్ ఒక స్టోరీ, దాన్నీ స్క్రీన్‌నూ కలిపే ఏపీఐ ఒకటి, స్క్రీన్ ఒకటి. మూడూ అయ్యాకే ఏదైనా కనిపిస్తుంది.

పాయింట్ల_బాధితురాలు:
అలా అడ్డంగా కోయకు తమ్ముడూ, నిలువుగా కోయాలి. పైన వాళ్ల క్లెయిమ్స్ అప్లికేషనే తీసుకో. మొదటి స్టోరీ: ఒక్క రాష్ట్రం, కారు ముందు అద్దం పగిలిన క్లెయిమ్ మాత్రమే. ఫోన్ నంబర్‌తో వెతికి నమోదు చేసి క్లెయిమ్ నంబర్ చూపించాలి. గాయాలు వద్దు, రెండో కారు వద్దు, ఫొటోలు వద్దు. టేబుల్‌లో నాలుగు కాలమ్‌లే ఉంటాయి, స్క్రీన్ అందంగా ఉండదు. కానీ డెస్క్‌లో పనిచేసే మనిషి దాన్ని వాడి చూడగలరు. వాళ్లు దాన్ని సరే అన్నాక రెండో రకం క్లెయిమ్ కలుపు.

గచ్చిబౌలి_సీనియర్:
ఇదే మేం మొదటి స్ప్రింట్‌లో చేసి ఉంటే పాలసీ నంబర్ గొడవ రెండో వారంలోనే బయటపడేది. ఈ వారం కొత్త మాడ్యూల్ మొదలవుతోంది, ఇలాగే కోస్తాం. డల్లాస్ మేడమ్ గారు చెప్పినట్టు గురువారం కాల్‌కు క్లయింట్ ఒప్పుకున్నారు, క్లెయిమ్స్ డెస్క్ నుంచి ఇద్దరు వస్తామన్నారు.

@టెస్టింగ్_అక్క గారూ, మీరు కాగితం మీద రాసే ఆ మూడు ఉదాహరణలు ఎలా ఉంటాయో ఈ అద్దం స్టోరీకే రాసి చూపిస్తారా?

టెస్టింగ్_అక్క:
ఇలా రాస్తామండి. ఒకటి: ఫోన్ నంబర్ కొడితే ఒక పాలసీ, ఒక కారు వచ్చింది, నమోదైంది. రెండు: ఒకే ఫోన్ నంబర్ మీద మూడు కార్లు వచ్చాయి, భార్యాభర్తలవి, కొడుకుది, ఏ కారో ఎంచుకోవాలి. మూడు: పాలసీ గడువు నిన్నటితో ముగిసింది, అద్దం మొన్న పగిలింది, ఫోన్ ఈరోజు చేశారు. దీన్ని నమోదు చేయనివ్వాలా, ఆపాలా?

గచ్చిబౌలి_సీనియర్:
మూడో దానికి మా టీమ్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదండి. ఇప్పుడే అడిగి చూశాను, ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. గురువారం కాల్‌లో మొదటి ప్రశ్న ఇదే.